నవనీతాపణం: ‘బటర్’ పాటకు ఒక వ్యాఖ్య

అవతారిక. దక్షిణ కొరియా దేశమందలి సియోల్ నగరాన వర్ధిల్లుతున్న బీటీఎస్ అనే సప్తగాయక బృందం 2021 మే 21న, మన గడియారంలో ఉదయం తొమ్మిదిన్నరకు, ‘బటర్’ అనే ఆంగ్ల గీతాన్ని లోకానికి అనుగ్రహించింది. పాట నిడివి మూడు నిమిషాల లోపు. దాని మీద వచ్చిన వార్తలు చదవడానికి మూడు రోజులు చాలవు. యూట్యూబ్‌లో తెర లేచే వేళకు 39 లక్షల మంది ఒకేసారి కాచుకుని ఉన్నారట. 24 గంటల్లో 10 కోట్ల 82 లక్షల వీక్షణలట. చరిత్ర సృష్టించిందట. ఆ తర్వాతి వారం మళ్లీ చరిత్ర, ఆపై వారం ఇంకో చరిత్ర. వారానికొకటి చొప్పున వచ్చేదాన్ని మన వైపు వారపత్రిక అంటాం గాని చరిత్ర అనం. పాట ఎలా ఉందయ్యా అంటే చెప్పేవాడు లేడు. ఇంత ఘనమైన గ్రంథానికి వ్యాఖ్యానం లేకపోవడం లోటని తోచి పూనుకున్నాను.

వ్యాఖ్య పేరు. మెదకు సీమలోని కొలిచారం మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని పట్టాడు, భారవికి ఘంటాపథం వేశాడు, మాఘుడికి సర్వంకష రాశాడు. ఆయన కొడుకు కుమారస్వామి ప్రతాపరుద్రీయానికి రాసిన వ్యాఖ్య పేరు రత్నాపణం, అంటే రత్నాల అంగడి. నాది వెన్న అంగడి. పోలిక ఊరికే తేలేదు. ప్రతాపరుద్రీయం అలంకారశాస్త్రమే, కాదనను. కానీ దాన్ని రాసిన విద్యానాథుడు లక్షణం ఏది చెప్పినా ఉదాహరణ దగ్గరికి వచ్చేసరికి ఓరుగల్లు ప్రతాపరుద్రుడే ప్రత్యక్షమవుతాడు. ఉపమ కావాలా, మా ప్రభువు. అతిశయోక్తి కావాలా, ఇంకేం, మా ప్రభువే. శాస్త్రం ముసుగులో నడిచిన అభిమాన సంఘమది. తండ్రిగారూ తక్కువ తినలేదు. ఆయన ‘తరల’ వ్యాఖ్య రాసిన ఏకావళి నిండా కళింగ నరసింహదేవుడి పొగడ్తలే. కాబట్టి అభిమానులు రాసినదానికి పండితుడు టీక రాయడం మన ఇంటి సంప్రదాయమే, సిగ్గుపడనక్కర్లేదు.

ప్రతిపదార్థం. స్పష్టం. (పద్యం కొరుకుడు పడనిచోట ‘స్పష్టం’ అని దాటేసి, పసిపిల్లలకు తెలిసినచోట రెండు పుటలు రాయడం పూర్వవ్యాఖ్యాతల మర్యాద. దాన్ని తప్పను.)

కర్తృత్వం. పాడినవారు ఏడుగురు, రాసినవారూ ఏడుగురే. రెండు జాబితాల్లోనూ ఉన్నవాడు ఒక్క ఆర్ఎం. రాసినవారిలో రాన్ పెర్రీ అనే ఆయన అప్పటి కొలంబియా రికార్డ్స్ అధిపతి. ఆస్థాన ప్రబంధంలో రాజుగారూ ఒక పాదం వేయడం మనకు కొత్త కాదు. ఇక ధ్వని అంటారా, మైకేల్ జాక్సన్ పాట పేరు ఒకచోట, అషర్ అనే గాయకుడి పేరు ఒకచోట తొంగి చూస్తాయి. అభిమానులు వాటిని మొదటి గంటలోనే పట్టేశారు. ఇంత చురుకైన శిష్యులు మల్లినాథుడికి దొరికి ఉంటే ఆయన సగం గ్రంథాలు రాసి ఉండడు.

అలంకారం. ఉపమ. నాయకుడు తాను వెన్నలా నున్నగా ఉంటానంటాడు. నునుపు సాధారణ ధర్మం. ఇక్కడ కాస్త ఆగాలి.

మన సాహిత్యంలో వెన్న ఉండవలసిన చోటు లోపల. నన్నయ ఆదిపర్వంలోని ఉదంకోపాఖ్యానం చూడండి. అందులో పౌష్యమహారాజు చెప్పే ఆ పద్యాన్ని బడిలో బట్టీ పట్టని పాతతరం తెలుగువాడు అరుదు. ఉదంకుడు గురుపత్ని కోసం పౌష్యుడి రాణి కుండలాలు అడగడానికి వస్తాడు. కుండలాలు దొరికాయి. పోతూ పోతూ భోజనానికి కూర్చుంటాడు, అన్నంలో వెంట్రుక వస్తుంది. అంతే, గుడ్డివాడివి కమ్మని శాపం. రాజు ఊరుకున్నాడా? నీకు పిల్లలు పుట్టరు పొమ్మన్నాడు. ఏళ్లు గడిచినా, యుగాలు మారినా, మగపెళ్లివారి విస్తళ్ల దగ్గర ఈ ఘట్టం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. తర్వాత ఇద్దరూ చల్లబడ్డారు. ఉదంకుడు నీ శాపం వెనక్కి తీసుకొమ్మన్నాడు. అప్పుడు పౌష్యుడు చెప్పిన సమాధానమే ఆ పద్యం: విప్రుల మనసు వెన్న, మాట వజ్రాయుధం. రాజుల విషయంలో ఇది తారుమారు. కనుక నువ్వు శాపం మళ్లించగలవు, నావల్ల కాదు.

ఎంత అందమైన సాకు! రెండే ఉపమానాలు, వాటినే తిరగేసి ఇద్దరికి తొడిగాడు. పెట్టుబడి తక్కువ, రాబడి ఎక్కువ. నా అనుమానం ఏమిటంటే, పౌష్యుడికి శాపం మళ్లించడం చేతకాక కాదు, మనసొప్పక. ఇష్టం లేదని చెప్పడం రాజమర్యాద కాదు గనక తత్త్వం చెప్పాడు. ఎదుటివాణ్ణి పొగుడుతూనే వాడి కోరిక తోసేశాడు. ఆ పద్యంలోని సమాసాల నడక మీద రాయాలంటే ఈ సంచిక చాలదు, సంపాదకులు ఒప్పుకోరు. ఎక్కడున్నాం? బటర్ దగ్గర.

ఈ పాటలో వెన్న పైపూత. నడకలో, సూటులో, జుట్టులో ఉంది. లోపల ఏముందో పాట చెప్పదు. తప్పు పట్టడం లేదు. ఇందులో బరువైన సందేశమేమీ లేదని ఆ బృందంవారే చెప్పేశారు. బరువు తెచ్చి మీద పెట్టినవాళ్లు వేరే. పౌష్యుడు విప్రులకు చెప్పిన లక్షణం అక్షరాలా సరిపోయేది ఆర్మీ అనే అభిమానులకి. ఆ ఏడుగురి పేరెత్తితే మనసు వెన్న. పాట మామూలుగా ఉందని పొరపాటున రాసి చూడండి, వజ్రాయుధం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

బంధకవిత్వం. పాట వస్తోందని చాటుతూ ఏప్రిల్‌లోనే తెరమీద ఒక వెన్నముద్ద గంటసేపు నింపాదిగా కరుగుతుంటే, పాటా లేదు పల్లవీ లేదు, జనం కూర్చుని చూశారు. ఇంత ఏకాగ్రత మునులకే చెల్లు. పాట వీడియో నలుపు తెలుపుల్లో మొదలవుతుంది. మధ్యలో ఒక లిఫ్టు వస్తుంది. ఆ ఇరుకులో ఒక్కొక్కరూ వంతులవారీగా తమకు తోచిన చిందు వేస్తారు. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది ఇదే. అంత కసరత్తు చేసిన ఒళ్లు కాసేపు క్రమశిక్షణ మరిచి ఆడుకోవడం ముచ్చటగా ఉంటుంది. ఇంకోచోట ఏడుగురూ ఒళ్లు వంచి ఆర్మీ అనే పేరులోని ఆంగ్లాక్షరాలు కడతారు. నాగబంధం, ఖడ్గబంధం విన్నాం. కవి తన ఒంటితోనే అక్షరం కట్టి పోషకుడి పేరు చూపించే బంధం విద్యానాథుడికి కూడా తట్టలేదు.

పాఠాంతరాలు. తాళపత్రంలో పాఠాంతరం పుట్టాలంటే లేఖకుడు కునుకు తీయాలి, లేదా చెదలు పట్టాలి. ఇక్కడ చార్టు వారం మారితే చాలు. ‘హాటర్’ అని ఒక పాఠం మే నెలలోనే, ‘స్వీటర్’ అని ఒకటి, ‘కూలర్’ అని ఒకటి జూన్‌లో వెలువడ్డాయి. వేడి, తీపి, చలువ: ఆయుర్వేదం వారు ఇంకొన్ని చెప్పగలరు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో కూర్చున్న ఈ పాటను దించింది ఎవరు? ఇదే బృందంవారి ‘పర్మిషన్ టు డ్యాన్స్’. మరుసటి వారం దాన్ని దించింది ఎవరు? మళ్లీ ఇదే. ఆగస్టు 27న మేగన్ థీ స్టాలియన్ అనే గాయని చరణాలు చేర్చిన ప్రక్షిప్తపాఠం వచ్చింది. దాన్ని విడుదల చేయనివ్వమని ఆమె తన సంస్థ మీద టెక్సస్‌లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. మన ప్రక్షిప్తకర్తలు కనీసం పేరైనా చెప్పుకోలేదు, ఈవిడ ఏకంగా ఉత్తర్వు తెచ్చుకుంది. దాంతో పాట పదోవారం శిఖరమెక్కింది.

ఫలశ్రుతి. మొదటి వారంలో అమెరికాలో 2,42,800 డౌన్‌లోడ్లు అమ్ముడయ్యాయి. అప్పటి నిబంధన ప్రకారం ఒక్కో కొనుగోలుదారు పేర వారానికి నాలుగు ప్రతుల దాకా లెక్కకు వచ్చేవి. అభిమానులు ఆ నిబంధన చదువుకున్నారు, చందాలు వేసుకుని కొన్నారు. వెంటనే పెద్దమనుషులు లేచి ఇది సంగీతం కాదు, లెక్కల గారడీ అన్నారు. బిల్‌బోర్డ్ పత్రిక అడిగితే ఆర్ఎం నెమ్మదిగా జవాబిచ్చాడు: మొదటి స్థానం దేన్ని చూపాలో మీలో మీరు తేల్చుకోండి, కావాలంటే నియమం మార్చండి. 2022 మొదట్లో మార్చారు, ఒకరికి ఒక ప్రతే. కొన్న పిల్లలను తిట్టడానికి నోళ్లు లేచాయి. అదే పాటకు మూడు రుచులు కలిపి అమ్మినవాళ్ల మీద లేచిన నోళ్లు తక్కువే. పాకెట్ మనీ ఎవరిది, లాభం ఎవరిది అన్న ప్రశ్న ఏ రికార్డుల పట్టికలోనూ కనబడదు.

దీనికన్నా నాకు కష్టం కలిగించేది వేరొకటుంది. ఇదే ఏడుగురు 2020 నవంబరులో ‘లైఫ్ గోస్ ఆన్’ పాడారు, చాలామటుకు కొరియన్‌లోనే. అదీ మొదటి వారమే మొదటి స్థానం అందుకుంది. అమెరికా రేడియోలు దాన్ని దాదాపు వినిపించలేదు. ఆరు నెలలకు వాళ్లే ఇంగ్లీషులో వెన్న అన్నారు, స్టేషన్లు తలుపులు తెరిచాయి. 2017లో వచ్చిన ‘స్ప్రింగ్ డే’ అని మరో పాట ఉంది. అది దూరమైన మనిషి కోసం చలికాలంలో ఎదురుచూసే పాట, కొరియా వాళ్లు ఏళ్ల తరబడి తమ చార్టుల్లోంచి దిగనివ్వని పాట. టీక కావలసింది దానికి. వెన్నపాటకు గ్రామీ వారు నామినేషన్ ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌కు పిలిచి పాడించుకున్నారు, చప్పట్లు కొట్టారు. బహుమతి డోజా క్యాట్, సిజాలకు ఇచ్చి పంపించారు. రాజుల మాట గురించి పౌష్యుడు ముందే చెప్పాడు.