వెయిట్‌లెస్ వదిన

ఆ మధ్య మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్లకి పెట్టిన బరువు తగ్గే పోటీలో మొదటి బహుమతి టైఫాయిడ్‌కి వచ్చింది. అంటే, టైఫాయిడ్ వచ్చి లేచినావిడకి వచ్చింది. నెలలో ఆరు కిలోలు! చెంపలు లోపలికి పోయి, మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటున్న ఆ ఇల్లాలిని చెయ్యిపట్టి వేదికెక్కించి, చప్పట్లు కొట్టి, కిలో ఘారీ డబ్బా చేతిలో పెట్టారు. నేతిలో వేయించి, పైన మళ్లీ నెయ్యే పేరబెట్టి అమ్మే మిఠాయిని బరువు తగ్గినందుకు బహుమానంగా ఇవ్వడం సూరత్‌లో తప్ప ఇంకెక్కడా జరగదు.

అదే నెలంతా పొద్దున్నే లేచి జిమ్ముకెళ్లి డంబెల్స్ ఎత్తిన మా పక్కింటి వదినకి ఆఖరి స్థానం. ఆవిడ కిలోన్నర పెరిగింది. నడుము దగ్గర కుర్తా వదులైంది, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాని ఒక్కతే ఎత్తి స్టాండు మీద పెడుతోంది, మోకాళ్ల నొప్పి మాటే ఎత్తడం లేదు. ఇవేవీ తూనిక మీద కనపడవు కదా! "లక్ష్మీబెన్, డబ్బు కట్టి మరీ లావయ్యారా?" అని నవ్విన గుజరాతీ పొరుగామెనైనా క్షమించొచ్చు గానీ, అదే మాటని తెలుగులోకి దింపి వరంగల్‌లో ఉన్న అత్తగారికి ఫోనులో చేరవేసిన మనవాళ్లనేమనాలి?

ఇదంతా ఏ ఊళ్లో జరుగుతోందనుకున్నారు? ప్రపంచంలో ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది సానపడతాయని చెప్పుకునే ఊళ్లో. వరాఛాలోనో మహిధర్‌పురా గల్లీల్లోనో కాగితం పొట్లం విప్పి, రాయిని పట్టకారుతో పట్టి, కంటికి అద్దం ఆనించుకునే వ్యాపారిని "ఎన్ని కేరట్లు?" అని ఒక్క ప్రశ్న అడిగి డబ్బు తీసి చూడండి. చాయ్ ఇప్పించి మరీ నవ్వుకుంటాడు. కేరట్ అంటే గ్రాములో అయిదో వంతు. అది నాలుగు ప్రశ్నల్లో ఒకటి మాత్రమే. రంగేమిటి, లోపల మచ్చలేమైనా ఉన్నాయా, కోత కుదిరిందా అన్నవి తేలకుండా బేరం కదలదు. సానలో సగానికి సగం బరువు పోవడం కూడా అక్కడ మామూలే. మన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరునే 1852లో లండన్‌లో తిరిగి కోస్తే 191 కేరట్ల రాయి 105.6కి దిగింది. అయినా ఏ పనివాడూ సాయంత్రం ఇంటికొచ్చి "ఇవాళ ఇంత తగ్గించా" అని మీసం తిప్పడు. పోయిందేమిటి, మిగిలిందేమిటి అన్నదే అతని లెక్క. ఆ లెక్క తెలిసిన మనిషే ఇంట్లో భార్య తూనిక ఎక్కగానే కేరట్లు తప్ప మరేదీ అడగడు.

కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని చిన్నప్పుడు మనల్ని బోల్తా కొట్టించిన ప్రశ్నే ఇప్పుడు జిమ్ము సంచీ తగిలించుకుని వచ్చింది. కిలో కండైనా కిలో కొవ్వైనా కిలోయే. కాకపోతే కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 0.9 గ్రాములు, కండది 1.06. కిలో కొవ్వుకి లీటరుకి మించిన చోటు కావాలి, కిలో కండ లీటరులోపే సర్దుకుంటుంది. తూనికలో అంకె పెరిగినా కుర్తా వదులు కావడానికి ఇందులో మంత్రమేమీ లేదు.

అలాగని పెరిగిన కిలోన్నరా కండేనా? ఎక్కడిది! నెల రోజుల్లో అంత కండ పట్టడం మాటలు కాదు. కొత్తగా పని నేర్చిన కండరం గ్లైకోజెన్ దాచుకుంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెనూ దాదాపు మూడు గ్రాముల నీళ్లని వెంటేసుకుని వస్తుంది. నొప్పులు పుట్టిన చోట ఇంకాస్త నీరు చేరుతుంది. నెలసరి ముందు రోజుల్లో చాలామందికి ఒకటి రెండు కిలోలు ఊరికే కలుస్తాయి. ఇవన్నీ పోనుపోను మిగిలినది కండ. జిమ్ము కుర్రాడు మాత్రం "అంతా మజిలే మేడమ్!" అని అభయహస్తం చూపించాడు. అది ప్యాకేజీ రెన్యూవల్ వారం మరి.

ఆ కుర్రాడి తల మీదే ఇంకో బ్యానరు వేలాడుతోంది: "30 రోజుల్లో 10 కిలోలు తగ్గండి." మొదటి వారంలో దిగే కిలోల్లో ఎక్కువ భాగం నీళ్లే. కడుపు మాడ్చుకుని ఆపైన తగ్గిన దాంట్లో నాలుగో వంతు దాకా కండ కూడా కరిగిపోతుంది. దీక్ష విరమించి, ఆదివారం సాయంత్రం డూమస్ రోడ్డు మీద లోచో ప్లేటు ముందు కూర్చున్నాక తిరిగొచ్చే బరువు మాత్రం ఎక్కువగా కొవ్వు రూపంలోనే వస్తుంది. కండ ఇచ్చి కొవ్వు కొనుక్కున్న ఈ బేరాన్ని జౌళి బజారులో ఎవరైనా చేస్తే మర్నాడు కొట్టుకి తాళమే. తూనికలో మాత్రం పాత అంకే కనపడుతుంది కనక, నష్టమేమీ లేదనుకుంటాం.

రింగ్ రోడ్ బజారులో వెయిట్‌లెస్ జార్జెట్ అని ఒక బట్ట అమ్ముతారు. చీర తేలిక కావడం వరకూ సరే, లోపలి మనిషి కూడా వెయిట్‌లెస్ కావాలన్న పట్టుదల ఎవరిదో ఆలోచించాలి. మా ఇళ్లలో మగవాళ్లు తూనిక ఎక్కగా చూసినవాళ్లు అరుదు. "నాది పెళ్లినాటి బరువే" అని పొట్ట నిమురుకుంటూ చెప్తారు. నిజమే కావచ్చు. కండ తగ్గి ఆ చోట పొట్ట చేరితే మొత్తం మారదు కదా! 2004లో లాన్సెట్ పత్రికలో పూణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యూడ్కిన్ పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యూడ్కిన్‌కి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. పంతొమ్మిదో శతాబ్దంలో క్వెట్లె అనే బెల్జియం గణితజ్ఞుడు జనాభా సగటుల కోసం ఎత్తూ బరువూ కలిపి కట్టిన ఈ బీఎంఐ లెక్కని ఒక్కొక్క మనిషి నుదుటిన అంటిస్తే ఇలాగే ఉంటుంది. ఏదైనా కొలవక తప్పదంటే నడుముకి టేపు చుట్టండి. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకపోతే మేలంటారు. మగవాళ్లకి 90. టేపు తీయగానే మావారు బాల్కనీలోకి వెళ్లిపోయారు, ఫోనొచ్చిందట.

ఇక "బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతావు" అనే హితవు. లింబాయత్‌లో మన పద్మశాలీల వాడలకి వెళ్లి చూడండి. ఇంటి దగ్గరే చీరలకి లేసు కుట్టి, స్టోన్లు అతికే ఆడవాళ్లు ఆ మూటల్ని చంకనెత్తుకుని ఇరుకు మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఉంటారు. వాళ్లు మగరాయుళ్లవుతారని ఇన్నేళ్లలో ఏ పెద్దమనిషీ దిగులుపడలేదు. ఆ బరువునే ఇనపకడ్డీకి తగిలించి, అద్దం ముందు, తన కోసం ఎత్తుకుంటే మాత్రం ఆడతనం ప్రమాదంలో పడుతుంది! ఆడవాళ్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ మగవాళ్లలో ఉన్నదాంట్లో పదో వంతైనా ఉండదు. ముప్ఫై దాటాక కండ తనంతట తనే తరుగుతుంది, ముట్లుడిగాక ఎముక కూడా అదే దారి పడుతుంది. వారానికి కనీసం రెండు రోజులు కండకి పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మగాళ్లని వేరుచేసి కాదు.

2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫోగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకుంది. అది కుస్తీ, 50 కిలోల తరగతి, ముందే రాసిపెట్టిన నిబంధన. మా వదినని ఏ తరగతిలో దింపారో, ఫైనల్ ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు.

ఉండబట్టలేక మొన్న కింది ఫ్లోరు పెద్దమ్మకి మన శ్రీకాకుళం వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి సంగతి చెప్పాను. 1994లోనూ 1995లోనూ 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత, తర్వాత బరువు పెరుగుతూ పెరుగుతూ 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అని. పెద్దమ్మ బుగ్గన చెయ్యేసుకుని, "అరవై తొమ్మిది కిలోలా! గంత బరువున్న పిల్లకు పెండ్లెట్లయిందే?" అంది. 1997లోనే అయిందని చెప్తే గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.