తొమ్మిది రంగులున్నాయట, గేరు రాడ్డు మాత్రం లేదట

(ఏ కారుకు ఏది పెట్టాలో, ఏ కారు నుంచి ఏది పీకాలో తేల్చే పెద్దలకు బహిరంగ లేఖ)

మహారాజశ్రీ వేరియంట్ల నిర్ణేతల దివ్య సముఖమునకు,

విజయవాడ నుంచి ఒక మధ్యతరగతి కారు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం షోరూం అద్దాల తళతళలోనే తెలుస్తోంది.

మీ పేరేమిటో, మీరు కూర్చునే గది ఏ అంతస్తులో ఉంటుందో నాకు తెలియదు. కానీ మీరు ఉన్నారని మాత్రం గట్టి నమ్మకం. మీరే లేకపోతే, వెనకద్దానికి వైపర్ ఉండాలా వద్దా అన్నది నా జీతాన్ని బట్టి ఎందుకు తేలుతుంది? వాన మాత్రం బేస్ మోడల్ మీదా, టాప్ మోడల్ మీదా ఒక్కలాగే కురుస్తోంది మరి.

కిందటి నెల కొత్త కారు చూద్దామని షోరూంకి వెళ్లాను. అక్కడి అబ్బాయి మంచివాడు. ముందు మంచినీళ్లిచ్చాడు, తర్వాత టాప్ మోడల్ చూపించాడు. ఆరు ఎయిర్‌బ్యాగులు, వెనక సీటుకు ఏసీ, క్రూయిజ్ కంట్రోల్, అన్నీ బాగున్నాయి. "ఇదే మాన్యువల్‌లో ఇచ్చెయ్ బాబూ" అన్నాను. "టాప్‌లో మాన్యువల్ రాదండి. అది కావాలంటే రెండు మోడళ్లు కిందికి దిగాలి" అన్నాడు. దిగితే ఏమేం పోతాయో వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, పక్క కస్టమర్‌కి వినపడకుండా గొంతు తగ్గించి, "బడ్జెట్ ఇబ్బందైతే లోన్ చూద్దాం సార్" అన్నాడు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. గొంతు తగ్గించడం మీరు నేర్పిందే. గేరు మార్చుకుంటానన్నవాడు డబ్బుల్లేక అంటున్నాడని మీ పట్టికే చెబుతోంది. ఈ ఉత్తరం ఆ గొంతు తగ్గింపు గురించి.

నాకు కారు నేర్పింది మా మేనమామ. 1980ల చివర్లో తెనాలిలో ఆయనకో పాత అంబాసిడర్ ఉండేది. గేరు రాడ్డు నేల మీద కాదు, స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు అరుగులా ఉండేది. ఆ అరుగు అంచుకు జరిగి కూర్చుంటే తప్ప నా కాలికి క్లచ్ అందేది కాదు. ఊరు దాటి కాలవగట్టు ఎక్కగానే మామయ్య స్టీరింగ్ నాకిచ్చి, కళ్లు మూసుకునేవాడు. భయంతో అనుకున్నాను మొదట్లో. వినడానికట! "గేరు చేత్తో కాదు అల్లుడూ, చెవితో మార్చాలి. ఇంజిన్ మూలిగితే కిందికి, అరిస్తే పైకి. అంతే" అనేవాడు. ముప్పై అయిదేళ్లకు పైగా నా దగ్గరున్న డ్రైవింగ్ విద్యంతా ఆ రెండు ముక్కలే.

ఆ అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 2014 మేలో బెంగాల్‌లోని ఉత్తరపాడ ఫ్యాక్టరీలో దాని తయారీ ఆగిపోయింది. అదే సంవత్సరం జనవరిలో మారుతి 800 సెలవు పుచ్చుకుంది. ఆ రెండు చావుల మధ్య, ఫిబ్రవరిలో, ఒక పుట్టుక. మారుతి సెలెరియో ఏఎంటీ గేర్లతో వచ్చింది. సామాన్యుడి కారులో క్లచ్ పెడల్ మాయమవడం అక్కణ్నుంచి ఊపందుకుంది.

ఈ ఏఎంటీ విద్య గురించి మీకు తెలియనిది కాదు, నా తోటి పాఠకుల కోసం చెబుతున్నాను. మూత విప్పి చూస్తే లోపల ఉన్నది పాత మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే నా ఎడంకాలి పనీ, రాడ్డు కదిపే నా ఎడంచేతి పనీ కంప్యూటరు చెప్పినట్టు చిన్న యంత్రాలు చేస్తాయి. అంటే, నా కాలినీ చేతినీ ఉద్యోగంలోంచి తీసేసి, వాటి స్థానంలో కాంట్రాక్టు మనిషిని పెట్టి, వాడి జీతం కింద ఓ అర లక్ష అటూ ఇటూగా నా దగ్గరే వసూలు చేస్తున్నారు. పైగా కాలూ చెయ్యీ ఇంకా పనిచేస్తున్నందుకు నన్ను జాలిగా చూస్తున్నారు.

ఆటోమేటిక్ మీద నాకేం పగ లేదు, పొరబడకండి. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి వెళ్లేవాణ్ని క్లచ్ తొక్కమనడం శిక్ష. మోకాళ్లు అరిగినవాళ్లకూ, ఎడంకాలు సహకరించనివాళ్లకూ అది వరం. అమెరికాలో ఉన్న మా అమ్మాయికైతే క్లచ్ అంటే పెళ్లిళ్లకు చేత్తో పట్టుకెళ్లే పర్సు. అక్కడ జనరల్ మోటార్స్ 1939లోనే హైడ్రామాటిక్ పేరుతో క్లచ్ పెడల్‌ని సాగనంపింది. ఇప్పుడు కొత్తగా అమ్ముడయ్యే కార్లలో మాన్యువల్ వందకు ఒకటో రెండో. కానీ అక్కడ మాన్యువల్ అడిగినవాణ్ని కారంటే పిచ్చి ఉన్నవాడంటారు. ఇక్కడ పర్సు పలచనివాడంటున్నారు. నాకు ఉన్నది మొదటి రోగం. మీరు రెండోదానికి మందిస్తున్నారు.

రోగమని నేనంటున్నాను గానీ, దాని ఉపయోగం కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు మామయ్య మాట గుర్తుచేసుకుని రెండో గేరులో పడేస్తాను. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద కాలు అప్పుడప్పుడూ ఆనిస్తే చాలు. గేరు సంగతి మరిచి బ్రేకే నొక్కుకుంటూ దిగేవాళ్లు నా ముందు వెళుతుంటే, మలుపుల్లో మాడు వాసన ముందు నా ముక్కుకే తగులుతుంది. ఆ బ్రేకులు ఇంకా వేడెక్కితే అసలు పట్టవు. ఆటోమేటిక్‌లోనూ 'ఎల్' అనో, ఇంకోటనో ఇదే పనికి ఒక దారి ఉంటుంది. కానీ దాన్ని ఎప్పుడు వాడాలో తెలియాలంటే, గేరంటే ఏమిటో ఎప్పుడో ఒకసారి చేత్తో తెలిసి ఉండాలి.

మన చట్టానిదీ చిత్రమైన చూపే. 1988 మోటారు వాహనాల చట్టం మోటార్‌సైకిల్‌ దగ్గర గేర్ల బండికి వేరే లైసెన్సు, గేర్లు లేని బండికి వేరే లైసెన్సు అంటుంది. కారు దగ్గరికొచ్చేసరికి గేరు ఊసే ఎత్తదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌తో పరీక్ష పాసైనవాడు ఆటోమేటిక్కే నడపాలి. మన కుర్రాడు ఆటోమేటిక్‌లో నేర్చుకుని, మర్నాడే బాబాయిగారి మాన్యువల్ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కొచ్చు. ఎక్కి, మధ్యలో ఆగి, వెనక్కి జారొచ్చు. వెనక ఉన్నది నా బండే కావచ్చు. అలా జారకుండా పట్టి ఉంచే హిల్ హోల్డ్ అనే మంచి ఏర్పాటు ఒకటుంది. నేను తిరిగిన షోరూముల్లో చాలా మోడళ్లకు దాన్ని ఆటోమేటిక్‌లోనే ఇచ్చారు. ఈత వచ్చినవాడికి గాలి ట్యూబు కట్టి, రానివాణ్ని బావిలో తోసినట్టుంది.

ఇక నా విన్నపాలు. మొదటిది చెప్పేశాను. టాప్ మోడల్‌లో మాన్యువల్ ఇవ్వండి. లేదా మాన్యువల్ ఉన్న మోడల్‌కి ప్రాణాలు కాపాడేవన్నీ ఇవ్వండి. ఏదైనా ఫరవాలేదు.

రెండోది, రివర్స్ గేరు ఎక్కడుండాలో మీ కంపెనీలన్నీ ఒకచోట కూర్చుని తేల్చండి. ఒక కారులో అది ఎడమవైపు పైన, రింగు ఎత్తితే పడుతుంది. ఇంకో కారులో కుడివైపు కింద. మరోదాంట్లో రాడ్డుని కిందికి అదిమితే. మా బావమరిది కారు తీసుకుని ఫస్ట్ గేరు అనుకుని నేను వేసింది రివర్సు. వాళ్ల తులసికోట ఇప్పటికీ కాస్త తూర్పుకి ఒరిగి ఉంటుంది. మా చెల్లెలి మాట ఇంకా ఎక్కువ ఒరిగింది.

మూడోది మీటలు. మే నెల మిట్టమధ్యాహ్నం, ఒంగోలు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి. ఏసీ గాలి ఒక మెట్టు పెంచాలి. పాత కారులో కళ్లు రోడ్డు మీదే ఉంచి, చేత్తో తడిమి తిప్పేవాణ్ని. షోరూం వాళ్లు నడపమని ఇచ్చిన కొత్త కారులో ముందు పాటల తెర పక్కకు తోసి, ఫ్యాను బొమ్మ నొక్కి, ఆ తర్వాత వేలితో గీత లాగాలి. ఎండ పడి ఆ గీత కనపడదు. గంటకు వంద కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 28 మీటర్లు. నాలుగు సెకన్ల ఈ భాగోతంలో బండి వంద మీటర్లు కళ్లు లేకుండా పోయింది. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, ఆపదలో చేసే కాల్, వీటికి చేతికి తగిలే మీటలుంటేనే పూర్తి మార్కులంటోంది. ఏసీ ఆ జాబితాలో లేదు. పాపం, వాళ్లకు ఒంగోలు తెలియదు. మీకు తెలుసు కదా.

నాలుగోది ఒక చిన్న ముల్లు. ఇంజిన్ వేడి చూపించే ముల్లు. చాలా చిన్న కార్లలో దాన్ని తీసేసి ఒక దీపం పెట్టారు. ముల్లు ఉంటే జ్వరం పెరుగుతోందని దారిలోనే తెలుస్తుంది. దీపం ఎర్రగా వెలిగేసరికి రోగి మంచం ఎక్కేసి ఉంటాడు. పదమూడు అంగుళాల తెరలో సీతాకోకచిలుకలు ఎగరేయడానికి చోటుంది, ఒక్క ముల్లుకి లేదా?

అయిదోది స్టెప్నీ. 2020 జులైలో కేంద్రం నిబంధనలు మార్చి, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదంది. లేకపోయినా ఫరవాలేదన్న మాట మీ చెవిన ఎంత ఇంపుగా పడిందో నేను ఊహించగలను. 1904 ప్రాంతంలో వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్లో, స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు తయారుచేసిన అదనపు చక్రం అది. ఆ వీధి పేరుని మన పంక్చర్ షాపులవాళ్లు నూరేళ్లకు పైగా నిలబెట్టారు. మీరు ఆ చక్రాన్ని పదేళ్లు కూడా నిలబెట్టేలా లేరు. మేకు గుచ్చుకుంటే మీ కిట్‌లో జిగురు సరిపోతుందేమో. రాత్రిపూట మాచర్ల నుంచి సాగర్ వెళ్లే దారిలో రాయి కోసి టైరు పక్కభాగం చీలితే, ఆ జిగురుతో కవరు అంటించి మీకు ఉత్తరం రాయడం తప్ప చేసేదేమీ లేదు.

ఆఖరిది సూర్యభగవానుడి విషయం. ఆయన కోసం మీరు కారు నడినెత్తిన ప్రత్యేకంగా కిటికీ పెట్టి దానికి డబ్బు తీసుకుంటున్నారు. మా కృష్ణా, గుంటూరు జిల్లాలకు ఆయన పిలవకుండానే వస్తాడు. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిలిం అంటించొద్దంది, మంచిదే. కానీ పక్క అద్దాల్లోంచి సగం వెలుతురు లోపలికి వస్తే చాలని నిబంధనలే చెబుతున్నాయి. ఆ మేరకు రంగున్న అద్దం ఫ్యాక్టరీలోనే, అన్ని మోడళ్లకూ బిగించి పంపితే పోయేదేముంది? పైకప్పు తెరిచి ఎండ అమ్మే బదులు నీడ అమ్మండి. మా వైపు దానికే గిరాకీ.

"ఇవన్నీ ఇస్తే ధర పెరుగుతుంది" అని మీరంటారు. న్యాయమే. అయితే ఒక్క తేదీ గుర్తుచేస్తాను. 2019 జులై 1. ఆ రోజు నుంచి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ముందు సీట్ల బెల్టు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు, వేగం ఎనభై దాటితే కూసే బజరు తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు వాటిలో చాలావాటి కోసం మేం మెట్లెక్కి పైమోడల్ దాకా రావలసి వచ్చేది. చట్టం ఒక్క మాట అనగానే అవే మెట్లు దిగి బేస్ మోడల్‌లోకి వచ్చి కూర్చున్నాయి. ఆ మర్నాడు ఏ కంపెనీ గేటుకీ తాళం పడలేదు.

కాబట్టి నేనడిగేది కొత్త వింతలేమీ కాదు. ఆపదలో నా చేతికి మించినవన్నీ కారే చూసుకోవాలి. ఢీకొంటే బెలూన్ విప్పుకోవాలి, జారితే పట్టుకోవాలి. వాటికి బేసూ టాపూ ఉండకూడదు. నా చేతనయిన పని మాత్రం అడిగినప్పుడు నాకే వదిలెయ్యాలి. మీరు సరిగ్గా తిరగేసి పెట్టారు. చేతనయినదాన్ని లాక్కుని, చేతకానిదాన్ని ధర కట్టి అల్మారా పైఅరలో పెట్టారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఎడంకాలు ఇంకా పనిచేస్తున్న
ఒక వినియోగదారుడు

తా.క.: షోరూం నుంచి వచ్చేముందు ఆ అబ్బాయి ఒక కాగితం నింపమన్నాడు. పేరు, ఫోన్ నంబరు, మోడల్, రంగు. రంగులు తొమ్మిదట. బూడిద రంగులోనే మూడు రకాలు. గేరు ఏది కావాలో రాయడానికి మాత్రం గడి లేదు. అందుకని, టాప్ మోడల్ అని రాసి, రంగు గడిలో "మాన్యువల్" అని రాసిచ్చాను. వాళ్ల కంప్యూటరు దాన్ని తీసుకుందట. ఆ రంగు బండికి రెండు నెలలు ఆగాలని నిన్న ఫోన్ చేసి చెప్పారు. ఆగుతానన్నాను.