పాపం, కూలీలు దొరకడం లేదట!

భవన నిర్మాణ రంగానికి పెద్ద కష్టమే వచ్చిపడింది. సిమెంటు ఉంది, స్టీలు ఉంది, బ్యాంకు లోను ఉంది, హోర్డింగు మీద ఈతకొలనూ ఉంది. తట్ట మోసేవాడు మాత్రం లేడట. బిల్డర్ల సభల్లో మైకు పట్టుకున్నవారి గొంతు ఈ మాట దగ్గరికి వచ్చేసరికి పూడుకుపోతోంది. కారణం కూడా వాళ్లే కనిపెట్టారు. ప్రభుత్వాలు బియ్యమిచ్చి, ఖాతాల్లో డబ్బులేసి జనాన్ని సోమరుల్ని చేశాయట. కడుపు నిండినవాడు పార ఎందుకు పడతాడు?

ఈ సిద్ధాంతానికి పెద్దదిక్కు ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ గారు. సంక్షేమ పథకాల వల్ల, ఉన్న ఊళ్లో సుఖం వల్ల కూలీలు కదలడం లేదని 2025 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) సభలో వాపోయారు. అంతకు నెల ముందు బయటికొచ్చిన వీడియోలో ఆదివారాలు పని చేయించలేకపోతున్నందుకు చింతించి, ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య మొహం చూస్తారని ఉద్యోగుల్ని అడిగిందీ ఆయనే. తమ సంస్థకు 4 లక్షల మంది కూలీలు కావాలనీ, ఏడాదిలో మూడు నాలుగుసార్లు ఆ జనం మారిపోతున్నారనీ కూడా ఆయనే చెప్పారు. అసలు రానివాడు వెళ్లిపోయేదెలా? వచ్చి, చూసి, మూణ్ణెల్లకే మూట కట్టుకుని పోతున్నాడంటే తప్పు ఊళ్లో ఉన్న రేషను బియ్యానిదా, సైట్లో ఉన్న రేకుల షెడ్డుదా?

ఇంతకీ కదలనిది ఎవరు? గుంపు మేస్త్రీ వెనకాల పిల్లాజెల్లతో దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన పాలమూరు జనమా? దుబాయి ఎండలో సెంట్రింగు కొడుతున్న జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్లా? హైదరాబాద్ టవర్ల మీద వేలాడుతున్న బీహారు, ఒడిశా, జార్ఖండ్ వాళ్లా? లాక్‌డౌన్లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. 2024 మేలో ఇజ్రాయెల్‌లో కట్టుబడి పనికి మల్లేపల్లి ఐటీఐలో ఎంపికలు పెడితే జనం బారులు తీరారు. అప్పుడక్కడ యుద్ధం నడుస్తోంది. జీతం నెలకు లక్ష పైమాట. క్షిపణులు పడేచోట టైల్స్ అతకడానికి పోతామన్నవాణ్ని పట్టుకుని, రేషను బియ్యానికి అతుక్కుపోయాడంటున్నారు!

ఈ కొరత ఎలా పుడుతుందో చూడాలంటే పొద్దున ఏడింటికి ఏ లేబర్ అడ్డాకైనా పోవచ్చు. కారు ఆగుతుంది. అద్దం నాలుగు వేళ్లు దిగుతుంది.

"ఎంత?"

"తొమ్మిదొందలు సార్."

"ఏడొందలకైతే ఎక్కు."

"దూరం గద సార్, ఎనిమిదొందల యాభై ఇయ్యుండ్రి."

"బీహారోళ్లు ఆరొందలకే వస్తున్నరు."

పక్కన టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ ఆడమనిషికి బేరం కూడా ఉండదు, మగకూలి కంటే రెండొందలు తగ్గించి చెప్పేస్తారు. ఇరవై ఏళ్లు మాలు కలిపినా ఆమె హెల్పరే. తాపీ మేస్త్రీ కావడానికి మన దేశంలో తప్పనిసరి అర్హత మీసం. అద్దం పైకి పోతుంది, కారు కదులుతుంది. సాయంత్రం అదే సారు క్లబ్బులో కూర్చుని "లేబర్ అస్సలు దొరకడం లేదండీ" అంటారు. అబద్ధం కాదు. ఏడొందలకు దొరకలేదు. నాకూ కోటి రూపాయల ఫ్లాటు పది లక్షలకు దొరకడం లేదు. హైదరాబాద్‌లో ఫ్లాట్ల కొరత ఉందని నేనంటే ఈ సారే ముందు నవ్వుతారు.

పథకాలే సోమరితనానికి మూలమైతే, రేషనూ పెన్షన్లూ పకడ్బందీగా అందే కేరళలో ఈపాటికి గోడ లేచి ఉండకూడదు. రిజర్వు బ్యాంకు లెక్కల్లో 2022-23లో పల్లెల్లో కట్టుబడి కూలి దేశం మొత్తం మీద సగటున రోజుకు 393 రూపాయలు. మధ్యప్రదేశ్‌లో 278. కేరళలో 852. బెంగాల్ నుంచి, అస్సాం నుంచి రైళ్లు కిక్కిరిసి పోతున్నది ఎటో చెప్పక్కర్లేదు.

మన ప్రభుత్వం మాత్రం తక్కువ తిందా? ఐదేళ్లకోసారైనా కనీస వేతనాలు సవరించమని 1948 నాటి చట్టం చెప్పింది. తెలంగాణలో 2021 జూన్‌లో నిర్మాణ రంగంతో సహా కొన్నింటికి కొత్త రేట్లతో జీవోలు తీశారు. తీసి, గెజిట్‌లో అచ్చు వేయలేదు. గెజిట్‌కెక్కని జీవో చూసి మురిసిపోవడానికే. ఈలోగా పాత సచివాలయం జాగాలో కొత్తది లేచింది, 2023 ఏప్రిల్ 30న ప్రారంభోత్సవమూ అయిపోయింది. కట్టిన చేతులకు రేటు రాసిన కాగితం మాత్రం ప్రెస్సు దాకా పోలేదు. ప్రచురించండి బాబూ అని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక సెస్సు. 1996 చట్టం పుణ్యాన కట్టడం ఖర్చులో నూటికి రూపాయి కూలీల సంక్షేమానికి పక్కన పెడుతూ వచ్చారు. 2018లో సుప్రీంకోర్టు లెక్క చూసేనాటికి దేశమంతటా వసూలైంది 37 వేల కోట్ల పైచిలుకు, ఖర్చయింది 9,500 కోట్ల చిల్లర. కూలీల సొమ్ముతో ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారని కూడా కోర్టులో తేలింది. మురికి బట్టల మీద మనవాళ్లకు ఎంత పట్టింపో!

ఆ సంక్షేమం కావాలంటే కూలీ పేరు నమోదు కావాలి. దానికి ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు చూపించాలి. రుజువంటే మామూలుగా పని ఇచ్చినవాడి సంతకం. కూలీలు దొరకడం లేదని కుమిలిపోతున్న ఆ సారు దగ్గరికే కూలీ తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లి కాగితం చాపుతాడు. సారు కళ్లజోడు సర్దుకుని ఎగాదిగా చూస్తారు.

"నువ్వెప్పుడు చేసినవ్ మా దగ్గర?"