డాట్ కాన్‌కు ఆకుపచ్చ టిక్కు

దరఖాస్తుల సీజన్లో జొన్నాడ సెంటర్లో ఏ నెట్ షాపు ముందైనా కాసేపు నిలబడండి. "మెయిల్ ఐడీ చెప్పండి పిన్నిగారూ" అంటాడు కుర్రాడు. "ఆయ్, మా అబ్బాయిదే కొట్టండి బాబూ. వీరవెంకటసత్యనారాయణండి, ఆనక జీమెయిలండి." అన్నవరం దేవుడి దయవల్ల ఇంగ్లీషులో అది పాతికక్షరాల పేరు. వీరకు ‘ఈ’లు రెండా, ‘ఐ’ ఒకటా? సత్యలో ‘హెచ్’ ఉందా? అవతల రావులపాలెం బస్సు హారన్ కొడుతుంటే ఇవన్నీ ఎవరడుగుతారు? కుర్రాడు టకటకా కొట్టేసి, చివర్న డాట్ కామ్ బదులు డాట్ కాన్ అని ముగిస్తాడు. ఫారం ఆకుపచ్చ టిక్కు పెడుతుంది.

ఈ ఫారం తక్కువ తిన్నదేం కాదు. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, అంకె, నక్షత్రం గుర్తు పడితేగాని గడప దాటనివ్వదు. ఫొటో ఒక్క కేబీ బరువెక్కినా ఎర్రగా చూస్తుంది. ఇంటిపేరు పక్కన చుక్క పెట్టారా, నేరమే. లోకంలో లేని డాట్ కాన్‌కు మాత్రం నమస్కారం పెట్టి లోపలికి పిలుస్తుంది. అది చూసేదల్లా మధ్యలో ‘ఎట్’ గుర్తుందా లేదా అనే. బ్రౌజర్ల సొంత తనిఖీకైతే ‘ఎ ఎట్ బి’ అన్నా చాలు, భేషైన చిరునామా.

డాట్ కానే నయం, ఎక్కడికీ పోదు. కామ్‌లో ‘సి’ ఎగిరిపోతే ఒమన్, ‘ఓ’ ఎగిరిపోతే కామెరూన్, ‘ఎం’ ఎగిరిపోతే కొలంబియా. కోనసీమ ఆడపడుచులు ఏజెంట్ల చుట్టూ తిరిగి తిరిగి చేరే మస్కట్‌కి మనవాడి హాల్‌టికెట్ వీసా లేకుండానే బయల్దేరుతుంది. ఇదేం పల్లెటూరి జబ్బు కాదు లెండి. అమెరికా సైన్యం వాళ్ల డాట్ మిల్‌లో ‘ఐ’ జారిపోయి ఉత్తరాలు మాలి దేశపు ఖాతాలో పడుతున్నాయని 2023లో బయటపడింది. ఆ ఏడాది తొలి ఆర్నెల్లలోనే లక్ష పైచిలుకు పోగయ్యాయట. పెంటగానే తడబడితే మన కుర్రాడి వేలిని తప్పుపట్టడమేమిటి?

వేలు జారుతుంది, పట్టుకోవాల్సింది ఫారం. ఊళ్ల పేర్లు కలగాపులగమై ఉత్తరాలు దారి తప్పుతున్నాయనే మన తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ తెచ్చింది. ఆధార్‌లో పన్నెండో అంకె ఉన్నది కాపలాకే: ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా లెక్క కుదరదు. ఈమెయిల్‌కు ఆ కాపలా లేదు, నిజమే. కానీ ‘ఎట్’ తర్వాతి పేరుకు ఉత్తరాలందుకునే సర్వర్ ఉందో లేదో ఇంటర్నెట్‌నే అడగొచ్చు, రెప్పపాటులో చెబుతుంది. "జీమెయిల్ అనబోయారా?" అని అడిగే మెయిల్‌చెక్ అనే చిన్న కోడ్ 2012 నుంచి ఉచితంగా దొరుకుతోంది. అడగాలి తప్ప తనే దిద్దకూడదు. ‘వైమెయిల్’ చూడ్డానికి అచ్చుతప్పులా ఉన్నా యాహూవారి అసలు సరుకే. ఇక ‘ఎట్’కు ముందున్న సత్యనారాయణ సంగతి తేలాలంటే ఒక ఉత్తరం పంపి జవాబు రాబట్టాల్సిందే. అంత ఓపిక లేనివాళ్లే "మెయిల్ ఐడీ మళ్లీ కొట్టండి" అని రెండో గడి పెడతారు. కుర్రాడు పైది కాపీ చేసి కింద అతికిస్తాడు. రెండు తప్పులూ కవలల్లా కలుస్తాయి, ఇంకో ఆకుపచ్చ టిక్కు.

రావులపాలెంలో అరటిపళ్లు కొని ఫోన్లో డబ్బు కొడితే, పంపేముందు కొట్టువాడి పేరు చూపిస్తుంది. అక్కడ తప్పు జరిగితే బ్యాంకుకి తలనొప్పి. ఇక్కడ ఉత్తరం చేరకపోతే పోయేది పిల్లాడి సీటు, ఫారం చేసినవాడి సొమ్మేం పోయింది? పైగా కింద చిన్నక్షరాల్లో "వివరాల్లో తప్పులకు దరఖాస్తుదారుడే బాధ్యుడు" అని ముందే రాయించుకున్నాడు. ఆ గడిలో టిక్కు పెట్టకపోతే మాత్రం ఫారం కదలదు, ఎంత పట్టుదలో!

దిద్దుకునే వీలుంది కదా అంటారు పైవాళ్లు. ఉందండీ, లేకేం. మెయిల్ ఐడీ మార్చుకోడానికి ప్రత్యేకంగా మీటే ఉంది. అది నొక్కితే ఓటీపీ పంపుతుంది, పాత మెయిల్‌కు.