చేయి దూరని నట్టు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

నరసరావుపేటలో ట్రాక్టరు ట్రాలీలు బాగుచేసే ఒక షెడ్డు ఇనుప తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉన్న పద్యం ఇది. కర్త పేరు లేదు. కింద ఎవరిదో బాకీ కూడిక మాత్రం ఉంది. అది పద్యంలో భాగమా, ప్రక్షిప్తమా అన్నది పండితులు తేల్చాలి. బాకీదారు మాత్రం ప్రక్షిప్తమనే అంటున్నాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. నేనూ చేస్తున్నాను. ఎక్కడ తప్పుతానో పాఠకులే కనిపెట్టగలరు.

మూలం

చేయి దూరనట్టి చీఁకటి గూటిలో
నట్టు పెట్టినట్టి నాథుఁ డెవఁడొ
విప్పునాఁడు వాఁడె వేళ్ళు చెక్కుకొనుచు
తన్నుఁ దానె తిట్టు తల్లితోడు

ప్రతిపదార్థం

చేయి = మనుష్యహస్తము; దూరనట్టి = ప్రవేశింపజాలని; చీఁకటి గూటిలో = టార్చిలైటు వేసినను వెలుతురు పడని సందునందు; నట్టు = మరలు గల ఆరు పలకల లోహఖండమును; పెట్టినట్టి = బిగించినట్టి; నాథుఁడు = ఆ యంత్రమునకు కర్తయు, యజమానియు, దాని అప్పు తీర్చువాడును; ఎవఁడొ = ఎవడు కలడో; విప్పునాఁడు = ఆ నట్టును ఊడదీయవలసిన దినమున; వాఁడె = ఇంకొకడు కాక ఆ బిగించినవాడే; వేళ్ళు చెక్కుకొనుచు = మెటికల మీది తోలు లేచిపోవుచుండగా; తన్నుఁ దానె = ఎదుట వేరొకడు లేనందున తననే; తిట్టు = దూషించును; తల్లితోడు = ఇది ఒట్టు.

వ్యాఖ్య

నట్టు: నటించునది గనుక నట్టు. వదులైనప్పుడు చక్రం తిరిగినంతసేపూ నాట్యమాడుతుంది. బిగిసినప్పుడు వదులైనట్టు నటిస్తుంది. ఈ వ్యుత్పత్తి ఏ నిఘంటువులోనూ లేదు. (ప్రతిజ్ఞ ఇక్కడే తప్పింది.) దూరనట్టి, నట్టు, పెట్టినట్టి అని మూడుసార్లు ఒకే ధ్వని రావడం శబ్దాలంకారం. తుప్పు పట్టిన నట్టు మీద పానా జారి మళ్ళీ మళ్ళీ అదే చోట పడుతున్న చప్పుడు చెవిన పడుతోంది కదా.

చేయి: చేయి ఒక్కటే దూరితే చాలదు. చేతిలో పానా ఉండాలి, ఆ పానా తిరగాలి. నట్టుకు పలకలు ఆరు. అంటే పానా ఒక పట్టు వదిలి ఇంకో పట్టు అందుకోవాలంటే 60 డిగ్రీలు తిరగాలి. ఫిక్స్ పానా తల సూటిగా ఉండక 15 డిగ్రీలు పక్కకు వాలి ఉండటాన్ని కొందరు తయారీలోపమనుకుంటారు. ఒకసారి బోర్లా, ఒకసారి వెల్లకిలా పట్టుకుంటే 30 డిగ్రీల చోటుతోనే పని జరగాలని పెద్దలు పెట్టిన వంపు అది. ఆ 30 కూడా లేని చోటునే కవి గూడు అన్నాడు.

చీఁకటి గూడు: కావ్యాలకు మూడు పాకాలు చెప్పారు. నట్లకూ అవే చెల్లుతాయి. ఎదురుగా కనబడి పానా పెట్టగానే తిరిగేది ద్రాక్షాపాకం. మీది రేకు తొక్కలా ఒలిస్తే అందేది కదళీపాకం. పీచు తీసి, చిప్ప పగలగొట్టి, అప్పటికీ లోపల ఏముందో తెలియనిది నారికేళపాకం. కవి భారవి మాటలను మల్లినాథుడు కొబ్బరికాయతో పోల్చింది ఇందుకే. ట్రాలీ కమాను కట్టలో ఉండే సెంటర్ బోల్టు ఈ మూడో జాతిది. యూ బోల్టులు విప్పి, ట్రాలీని జాకీ మీద లేపి, కమాను కట్టను ఇరుసు నుంచి విడదీస్తే తప్ప దాని దర్శనం కాదు. గుంటూరు యార్డుకు పోయే దారిలో, మిర్చి టిక్కీలు నిండుగా ఉన్నప్పుడు అది తెగితే, ఆ రైతు నోటి నుంచి వచ్చేది నాలుగో పాదమే.

నాథుఁడు: వ్యాఖ్యాతలందరూ ఈ పదం దగ్గర పప్పులో కాలేశారు. నాథుడంటే కంపెనీ అని ఒకరు, మెకానిక్ అని ఒకరు. కంపెనీ బండిలో బిగించేవాడు ఒకడు, విప్పేవాడు వేరొకడు. తిట్లు పుట్టినచోటు నుంచి చేరాల్సిన చోటికి ఎన్నటికీ చేరవు. కాబట్టి "వాఁడె", "తన్నుఁ దానె" అన్న మాటలు అక్కడ పొసగవు. ఇవి అచ్చంగా అతికే నాథుడు లోకంలో ఒక్కడే: తన విమానం తానే కట్టుకునేవాడు.

శంక: పల్నాడులో విమానమేమిటి?

సమాధానం: మాచర్ల అవతల విజయపురి సౌత్‌లో, సాగర్ డ్యాం పక్కన ఎయిర్‌స్ట్రిప్పే ఉంది. అదిలా ఉండగా ఇంట్లో విమానం కట్టడం గాలిమాట కాదు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ తన ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. మేడ మీద కట్టేవాడికి దింపే దారి కూడా ముందే తోచాలి, చూడండి. అమెరికాలో ఇలాంటివాళ్ళకు 1953లోనే సంఘం ఏర్పడింది. సగానికి పైగా పని కట్టుకునేవాడే చేయాలన్నది అక్కడి నియమం.

అన్నిటికీ మించి, ఇలా కట్టుకునే విమానం కాలికీ మన ట్రాలీకీ చుట్టరికం ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రం ఆష్‌కాష్ వాడైన స్టీవ్ విట్‌మన్ అనే రేసు పైలట్ 1930ల్లో తన సొంత విమానాలకు ఉక్కు పట్టీనే కాలుగా పెట్టాడు. కమాను పట్టీ లాగే అది వంగి, దిగేటప్పటి దెబ్బను మింగుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సెస్నా కంపెనీ ఆ పద్ధతిని తన చిన్న విమానాలకు తీసుకుంది. ఇంట్లో కట్టుకునే విమానాల్లో పేరున్న వ్యాన్స్ ఆర్‌వీ-8కూ చదునైన స్ప్రింగు కాళ్ళే. అవి కడుపులోకి దూరి, రెండు పక్కలా ఉన్న పెట్టెల్లో బోల్టులతో బిగుసుకుంటాయి. ఆ పెట్టె లోపలి నట్టే మన కవి చెప్పిన చీకటి గూడు.

విప్పునాఁడు: విప్పకుండానే వదిలేస్తే? కుదరదు. కాలికి వేసిన ప్రతి రంగూ ఆ బిగింపు కింద కొద్దిగా నలుగుతుంది, అంత మేరా బోల్టు వదులవుతుంది. గట్టిగా కుదేసి దిగిన రోజున మరీ. అందుకే ఏటా తనిఖీ ఉంటుంది, బిగింపును కొలవాలి. విమానపు బోల్టుల లెక్క కూడా మనకు కొత్త కాదు: ఏఎన్-4 అంటే అంగుళంలో పదహారో వంతులు నాలుగు, మన షెడ్డు భాషలో రెండు సూతలు. నూనె లేని మర మీద దాని మామూలు నట్టుకు 50 నుంచి 70 అంగుళ-పౌన్ల బిగింపు చాలు. పది అంగుళాల పానా చివర మూడు కిలోల బరువు పెట్టినంత, అంతే. అక్కడ పల్నాటి పౌరుషం చూపిస్తే మిగిలేది తెగిన బోల్టు.

సందుల్లో దూరే కాకికాలు లాంటి పానాముక్కను టార్క్ పానా చివర తగిలించుకునేవాళ్ళున్నారు. సూటిగా తగిలిస్తే పానా పొడవు పెరిగి, అంకె అబద్ధం చెబుతుంది. అడ్డంగా, 90 డిగ్రీలకు తిప్పి తగిలిస్తే నిజమే చెబుతుంది.

పాఠాంతరాలు

"నాథుఁ డెవఁడొ" అన్నచోట మాచర్ల ప్రతిలో "మేస్త్రి యెవఁడొ" అని ఉంది. గణాలు సరిపోయినా యతి చెడింది. పైగా తప్పు మేస్త్రీ మీదికి నెట్టే దురుద్దేశం కనబడుతోంది. త్యాజ్యం. "తల్లితోడు"కు బదులు గురజాల ప్రతి "తమ్ములార" అంటుంది. యతి కుదిరింది, హితబోధ కూడా. కానీ వేళ్ళు చెక్కుకున్నవాడు తమ్ముళ్ళను పిలిచి నీతులు చెప్పడు, ఒట్టు పెడతాడు. మొదటిదే కవిహృదయం.

విశేషార్థం

వాక్యానికి అర్థం పుట్టాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని శాస్త్రం. బోల్టు నట్టును కోరడం ఆకాంక్ష. అంగుళాల మరకు అంగుళాల మరే కలవడం యోగ్యత. రెండిటి దగ్గరికీ పానా రాగలగడం సన్నిధి. మొదటి రెండూ కంపెనీ అమ్ముతుంది. మూడోది కట్టేవాడే కట్టుకోవాలి.

ఎలాగంటే, కవి తన కావ్యానికి తానే రాసుకునే వ్యాఖ్యను స్వోపజ్ఞం అంటారు. రెండు రివెట్లతో రేకుకే అంటుకుపోయే నట్టుపలక అలాంటిది. అది పెట్టిననాడు లోపల చేయి పెట్టి పట్టుకునే పని పోతుంది, బయటి నుంచి బోల్టు తలను తిప్పితే సరి. పెట్టె పక్కన అరచేతి వెడల్పు కంత, దాని మీద నాలుగు స్క్రూల మూత: ఇది నారికేళాన్ని కదళిగా మార్చే ఉపాయం. రేకు ఇంకా బల్ల మీద ఉండగా కంత కోయడం పూట పని. అంతా బిగిశాక కొయ్యాలంటే నెల, పైగా బలం పోతుందేమోనన్న బెంగ. బిగించాక తల మీద, రేకు మీద కలిసేలా ఒక రంగు గీత గీస్తే, మరోసారి గీత విరిగి కనబడితే బోల్టు తిరిగిందని చూపుకే తెలుస్తుంది; ఏటా కొలత మాత్రం తప్పదు. బోల్టు తల వీలైనంతవరకు పైకో ముందుకో ఉండాలని పెద్దల మాట. నట్టు రాలిపోయినా బోల్టు జారిపోదు. నట్టు ఎటు ఉంటుందో అటు కంత కోయడమే తెలివి.

తాత్పర్యం

బిగించేవాడు ఎప్పుడూ ఖాళీ రేకు ముందు, వెలుతురులో, తీరిగ్గా కూర్చుని ఉంటాడు. విప్పేవాడు ఇంజను, తీగలు, గొట్టాలు అన్నీ అమరిన తర్వాత, తలకిందులుగా, చెమటతో ఉంటాడు. ఇద్దరూ ఒకరే అయినా ఒకరికొకరు పరిచయం లేదు. ఆ పరిచయం చేయడమే ఈ పద్యం పని.

ఫలశ్రుతి

బిగించే ముందు దీన్ని ఒక్కసారి చదివినవారికి విప్పేటప్పుడు చదివే పని పడదు. విప్పేటప్పుడు మొదటిసారి చదివేవారికి మాత్రం నాలుగో పాదం ముందే కంఠస్థమై ఉంటుంది.