మూడు ఆటల బిల్లు

1991 జూన్‌లో మైకేల్ జోర్డాన్ ఆడే చికాగో బుల్స్ జట్టు లాస్ ఏంజిల్స్ వెళ్లింది. అక్కడ వరుసగా మూడు బాస్కెట్‌బాల్ ఆటలు గెలిచి, కప్పు పట్టుకొని ఇంటికి పోయింది. వెనకాలే కాలిఫోర్నియా రాష్ట్రం నుంచి పన్ను బిల్లు వచ్చింది. మా గడ్డ మీద ఆడి సంపాదించారు, ఆ రోజుల జీతంలో మా వాటా కట్టండి అని. చికాగో ఉన్న ఇల్లినాయిస్ రాష్ట్రానికి ఒళ్లు మండింది. మా ఆటగాళ్ల మీద పన్ను వేసిన రాష్ట్రాలవాళ్లు ఇక్కడికి ఆడటానికి వస్తే మేమూ వేస్తామని చట్టం చేసింది. అమెరికా జనం ఆ చట్టాన్ని జోర్డాన్ పగ అన్నారు. తర్వాత చాలా రాష్ట్రాలు కూడా ఒకదాన్ని చూసి ఒకటి అదే దారి పట్టాయి.

ఈ సంగతి నాకు చెప్పింది నారాయణపేట అమ్మాయే. ఇంటర్‌లో నా దగ్గర కామర్స్ చదువుకుంది. ఇప్పుడు గచ్చిబౌలిలో, అమెరికావాళ్ల పన్ను రిటర్నులు తయారుచేసే ఆఫీసులో పని. ఏప్రిల్ 15 గడువు దాటేదాకా ఆమెకు పండగా లేదు, పబ్బమూ లేదు. గడువు దాటాక తాతను చూడటానికి వచ్చిందని తెలిసి వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో నులక మంచం మీద తాత. లోపల గోడకు ఆమె పెదనాన్న ఫోటో, మీసకట్టు అప్పుడే దిద్దుకున్న కుర్రాడు. ఆ ఫోటో కిందున్న ప్లగ్గులో లాప్‌టాప్ వైరు పెట్టి, గడప మీద కూర్చుని లెక్క చెప్పడం మొదలుపెట్టింది.

సీజన్ ముందరి ప్రాక్టీసు మొదలైన రోజు నుంచి ఆఖరి ఆట దాకా ఆటగాడి పనిదినాలన్నీ కూడతారు. అందులో ఏ రాష్ట్రంలో ఎన్ని దినాలు పనిచేశాడో తీసి, ఆ దామాషాలో జీతాన్ని ముక్కలు చేస్తారు. కోటి డాలర్ల జీతం, 200 పనిదినాలు అనుకుందాం. వాటిలో 10 దినాలు కాలిఫోర్నియాలో గడిస్తే 5 లక్షల డాలర్లు అక్కడి సంపాదన కిందికి వస్తాయి. ఆ రాష్ట్రపు పై రేటు 13.3 శాతం. అంటే ఆ పది దినాలకే 60 వేల డాలర్లకు పైన పోతుంది. కేంద్రానికి కట్టే 37 శాతం వేరు, ఏజెంటు వాటా వేరు. టెక్సస్, ఫ్లోరిడాలలో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. అందుకే రెండు జట్లు ఒకే జీతం ఇస్తామన్నా ఆటగాడి చేతికి వచ్చేది ఒకటి కాదు. అలాగని టెక్సస్‌లో కాపురం పెట్టినవాడు తప్పించుకోలేడు. కాలిఫోర్నియాకు ఆడబోయిన దినాలకు అక్కడ కట్టి రావలసిందే.

మన దగ్గర ఈ బాధ లేదు. రాజ్యాంగం రాష్ట్రాలకు వ్యవసాయ ఆదాయం మీద తప్ప మరే ఆదాయం మీదా పన్ను వేసే అధికారం ఇవ్వలేదు. 2017 ఐపీఎల్ వేలంలో హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు తీసుకుంది. ఉప్పల్‌లో బౌలింగ్ చేసినా బెంగళూరులో చేసినా అతని ఆదాయపు పన్ను కేంద్రానికే. రాష్ట్రం అడగగలిగింది వృత్తి పన్ను ఒక్కటే. ఏ మనిషి దగ్గరా ఏడాదికి 2,500 రూపాయలు మించి తీసుకోరాదని 1988లో రాజ్యాంగాన్ని సవరించి పెట్టిన హద్దు ఇప్పటికీ కదల్లేదు. నెలకు 20 వేలు దాటిన చిన్న ఉద్యోగి దగ్గర తెలంగాణ నెలకు 200 కోస్తుంది. కోట్లు వచ్చే ఆటగాడి దగ్గరా దాదాపు అంతే. ఇది న్యాయం కాదని నేను క్లాసులోనే చెప్పేవాణ్ని, ఇప్పుడూ అదే అంటాను.

తాతకు మా వృత్తి పన్ను గొడవ పట్టలేదు. ఆయన మనసు దినాల లెక్క దగ్గరే ఆగింది.

"బిడ్డా, గా ఆటగాడు ఒక్కో ఊళ్లె ఎన్ని దినాలుంటడు?"

"రెండో మూడో దినాలు తాతా."

"గంతకే పట్టుకుంటరా?"

"పట్టుకుంటరు. ఎప్పుడు దిగిండు, ఎప్పుడు లేసిపోయిండు, అన్నీ కాయితం మీదుంటయి. ఆట ఆడకుంట ఉత్త ప్రాక్టీసు జేసినా గా దినం లెక్కకొస్తది."

"వాని సామాన్లు మోసెటోనివి?"

"మస్తు రాష్ట్రాలల్ల గాయినవి గూడ రాస్తరు. జట్టు తోటి జీతానికి పోతడు గదా."

తాత తలూపాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసిన రోజుల్లో గుంపులో పోయి మట్టి మోసిన మనిషి. పంటలయ్యాక గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని, కృష్ణా స్టేషన్‌లో రైలెక్కితే మళ్లీ మృగశిర కార్తెకే ఇల్లు.

అమ్మాయికి హుషారు వచ్చింది. "నీది గూడ లెక్క గడత తాతా. ఏ రాష్ట్రంల ఎన్ని దినాలు జేసినవో జెప్పు" అంటూ ఎక్సెల్ తెరిచింది. తాత గుర్తు తెచ్చుకుంటూ చెప్పాడు. కర్ణాటకలో ఆలమట్టి, గుజరాత్‌లో కాలువ పని, బొంబాయిలో బిల్డింగులు. ఆమె గడుల్లో నింపుకుంటూ పోయింది.

నేను మధ్యలో అడిగాను. వలస కూలీల కోసం 1979లోనే చట్టం వచ్చింది. సొంత రాష్ట్రం దాటించి తీసుకుపోయిన కూలీకి కాంట్రాక్టరు ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి, ఎక్కడ పని, కూలి ఎంత, ఎన్నాళ్లు అన్నది అందులో రాయాలి అని అందులో ఉండేది. ఊరు విడిచినందుకు భత్యం, దారి ఖర్చులు కూడా ఇవ్వాలని ఉండేది.

"గసొంటి బుక్కు మీకు ఇచ్చిండ్రా?"

"మేస్త్రి తాన ఒక నోటుబుక్కు ఉంటుండె సారూ. మా అడ్వాన్సు బాకీ రాసుకోనీకె."

"ఇగో తాతా!" అమ్మాయి స్క్రీన్ తిప్పి చూపించింది. "మూడు రాష్ట్రాలు. నువ్వు గూడ జోర్డాన్ లెక్కనే."

తాత నవ్వాడు. "మీ పెద్దనాయనది గూడ రాయి."

ఆమె కింద ఇంకో వరుసలో పేరు కొట్టింది.

"మహారాష్ట్ర. దీపావళి ఎల్లినంక నా తోటే తీసుకపోయిన. ఉగాదికి వారముందనంగ సెంట్రింగు మీదికెల్లి పడ్డడు."

"ఎన్ని దినాలు తాతా? నూటముప్పయ్యా, నూటనలపయ్యా?"

"సున్న రాయి."

"సున్ననా?"

"నష్టపరిహారం అడగనీకె పోతె, గీ పేరుగల్లోడు మా తాన ఒక్క దినం గూడ పనిజెయ్యలేదన్నరు. ఆఫీసులన్నీ తిరిగిన. వాడు ఆడున్నట్టు ఒక్క కాయితం దొరకలె. మూడాటలాడి పోయినోనికి బిల్లు పంపిండ్రు గద బిడ్డా? గసొంటిది వాని పేరు మీద ఒక్కటొస్తె, అప్పు జేసన్న కడుతుంటి."