బండ కట్టావా?

గ్యాస్ గురించి నాకు తెలియనిది లేదనుకునే రోజుల మాట. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే పైకి పోదు, నేలబారున పాకుతుంది, గాలిలో 2 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు అంటూ లండన్ నుంచి డోవర్ దాకా అమ్మకు పాఠం చెప్పాను. తెనాలిలో 14.2 కిలోల బండలతో నలభై ఏళ్లు వండిన మనిషికి! ఆవిడ కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ ఊఁ కొట్టింది.

బండి అద్దెకు తెచ్చిన క్యాంపర్‌వ్యాన్. పక్కన ఒక అరలో సిలిండరు. లీకైన గ్యాస్ బయటికి జారిపోయేలా ఆ అర అడుగున చిల్లు. లోపల ఫ్రిజ్ ఒక వింత. మంట పెట్టి అమ్మోనియా నీళ్లను కాస్తే అది చల్లబడుతుంది. బండి నడుస్తుంటే బ్యాటరీతో, ఎక్కడైనా కరెంటు తగిలిస్తే దాంతో, ఏదీ లేకపోతే గ్యాస్‌తో పనిచేస్తుంది. ఎప్పుడు ఏది వాడాలో అదే చూసుకునేలా ‘ఆటో’ అని ఒక మీట ఉంది. అద్దె కాగితాలు చదవలేదు గానీ, ఆ మీట మాత్రం చూడగానే నచ్చేసింది. సాఫ్ట్‌వేర్ బుద్ధి మరి.

ఓడ ఎక్కబోతుంటే పసుపు కోటు కుర్రాడు వంగి, గ్యాస్ ఆఫ్ చేశారా అని అడిగాడు. చేశానన్నాను. నా లెక్కలో అబద్ధమేమీ కాదు. స్టవ్ మీటలు తిప్పి చూసుకున్నాను కదా!

ఫ్రాన్స్‌లోని కలే వెళ్లడానికి గంటన్నర. పైన టీ తాగుతూ తెల్ల కొండలు వెనక్కి పోవడం చూస్తున్నాం.

“ఏరా, బండ కట్టావా?” అంది అమ్మ.

“స్టవ్ కట్టేశానమ్మా.”

“స్టవ్ కాదురా. బండ దగ్గర.”

“బండ కట్టేస్తే ఫ్రిజ్ ఎట్లా నడుస్తుందమ్మా, దోసెల పిండి...” అంటూనే ఆగిపోయాను.

ఇంజన్ ఆపితే ఆ ఆటో ఫ్రిజ్ బ్యాటరీని వదిలేస్తుంది. పెట్రోల్ బంకులో ఆగామేమోనని ఒక పావుగంట ఊరుకుంటుంది. ఆ తర్వాత తనంతట తనే గ్యాస్ వెలిగించుకుంటుంది. నేను ఇంజన్ ఆపి అప్పటికి అరగంట. కింద ఇనప డెక్కు మీద, ట్యాంకుల నిండా పెట్రోలుతో బారులు తీరిన కార్ల మధ్య, మా బండిలో చిన్న నీలిమంట. అర అడుగున చిల్లు పొలంలో ఆగినప్పుడు వరమే. ఓడ కడుపులో కిందికి జారిన గ్యాస్ ఎక్కడికి పోతుంది? పక్క కార్ల కిందికే. ఇదీ నేను అమ్మకు చెప్పిన పాఠంలోదే.

దాచడమెందుకు, గంట ఓపిక పడితే ఒడ్డు వచ్చేస్తుంది కదా, నోరు మూసుకుందామనే అనిపించింది ముందు. డెక్కు తలుపులు కూడా మూసేశారు. అమ్మ మాత్రం టీ కప్పు కింద పెట్టి నావైపే చూస్తోంది. లేచాను.

కౌంటరులో ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఏమీ అనకుండా ఫోనెత్తింది. ఒకతను వచ్చి, తాళాలు తీసి, నన్ను వెంటబెట్టుకుని మెట్లు దింపాడు. ఫ్రిజ్‌లో కింది మూలనున్న గాజుబిళ్లలోంచి చూస్తే మంట ఉంది, బుద్ధిగా వెలుగుతోంది. బండ తిప్పి కట్టాను. ఫ్రిజ్ కూడా ఆపేశాను. తలుపు తీయకుండా ఉంటే గంటన్నరకు లోపల ఏమీ పాడవదని, అంత ముఖ్యమైనది ఏముందని అడిగాడతను. ఎలాగూ పులవాల్సిన పిండి కోసమని ఏ భాషలో చెప్పను?

ఆ సాయంత్రం కలే దాటి ఒక క్యాంపులో ఆగాం. పెనం పెట్టాను. స్టవ్ వెలగలేదు. లైటర్ మార్చాను, బర్నర్ ఊడదీసి ఊదాను, రెగ్యులేటర్ పాడైందని తేల్చి అద్దెకిచ్చినాయనకు ఫోన్ చేయబోయాను.

“బండ విప్పావా?” అంది అమ్మ.